చివరి ముడి

పదవీ విరమణకు ఇంకా నాలుగేళ్లున్నాయనగా, ఒక జూన్ మొదటి వారంలో నన్ను స్టేషన్ ఫైర్ ఆఫీసర్‌గా వరంగల్‌కు బదిలీ చేశారు. ఒక అగ్నిమాపక కేంద్రానికి బాధ్యుడైన అధికారిని అలా పిలుస్తారు. అతని కింద లీడింగ్ ఫైర్‌మన్లు, బండి నడుపుతూ పంపు కూడా చూసుకునే డ్రైవర్ ఆపరేటర్లు, ఫైర్‌మన్లు ఉంటారు. మా పని మంటలార్పడమే అని జనం అనుకుంటారు. మంట పుట్టకుండా చూడమని ఊరికి చెప్పడం అందులో సగం పని. నిజం చెప్పాలంటే ఆ సగాన్ని మేం మొక్కుబడిగా చేసేవాళ్లం. బడిలో పిల్లలను కూర్చోబెట్టి ఒక సిలిండర్ వెలిగించి, తడి గోనెసంచి కప్పి ఆర్పి, చప్పట్లు కొట్టించుకుని వచ్చేసేవాళ్లం.

ఆ ఏడాది పైనుంచి వచ్చిన ఉత్తర్వు వేరుగా ఉంది. ఇరుకైన బజారు గల్లీ ఒకటి ఎంచుకోవాలి. అక్కడి సంఘాలతో ఒప్పందం చేసుకోవాలి. స్థానికుల్లోంచి వార్డెన్లను తయారు చేయాలి. ప్రమాదం జరిగితే మా బండి వచ్చేలోపు గల్లీని నడిపించాల్సింది ఆ వార్డెన్లే. ఆరు వారాలు మేం నేర్పాలి, ఆ తర్వాత మేం లేకుండా వాళ్లే మిగతావాళ్లకు నేర్పాలి.

నేను ఎంచుకున్నది మట్టెవాడ వైపున్న ఒక గల్లీ. పేరు చెప్పను, బొంతల గల్లీ అనుకుందాం. రెండు వరుసల్లో ఇరవై ఆరు కొట్లు. కొత్తవాడలో నేసిన జంపఖానాలు, దూది పరుపులు, దిండ్లు, ఇత్తడి సామాన్లు, కిరాణా. కొట్టు కింద, కాపురం పైన. చాలా ఇళ్లకు పైకి మెట్లు కొట్టు లోపలినుంచే. మా వాటర్ టెండర్, అంటే నీళ్ల ట్యాంకున్న బండి, గల్లీ మొదట్లోనే ఆగిపోతుంది. అక్కడినుంచి గొట్టాలు పరుచుకుంటూ పరుగెత్తాలి. ఇంత దూదికి, ఇంత ఇరుకుకి ఇంతకాలం ఏమీ కాకపోవడం ఆ గల్లీ అదృష్టమని మొదటి రోజే డైరీలో రాసుకున్నాను.

ఒప్పందం కాగితం తేలికగానే కుదిరింది. మా స్టేషన్, వర్తక సంఘం, మసీదు కమిటీ, మూడు సంతకాలు. వర్తక సంఘం అధ్యక్షుడు విశ్వనాథం సేటు. జంపఖానాల కొట్టు, కుడి వరుసలో ఏడోది. నిదానస్తుడు, మర్యాదస్తుడు. మసీదు కమిటీ పెద్దలు ప్రమాద సమయంలో మైకు వాడుకోవచ్చన్నారు. వార్డెన్ల ఎంపిక మాత్రం నేనే చేశాను. ఫారంలో విద్యార్హత అనే గడి ఉంది. పదో తరగతి తప్పనిసరి, డిగ్రీ ఉంటే మేలు. ఎనిమిది మంది కుర్ర వ్యాపారులను తీసుకున్నాను, సేట్ల కొడుకులు, అల్లుళ్లు. గుర్తింపు కార్డులిచ్చాను. వాళ్లు శ్రద్ధగానే విన్నారు, నోట్సు రాసుకున్నారు. రాతపరీక్షలో ఎవరికీ తక్కువ మార్కులు రాలేదు.

ఆరో వారం మాక్ డ్రిల్ పెట్టాను. మాక్ డ్రిల్ అంటే ఉత్తుత్తి ప్రమాదం. సైరన్ మోగగానే అందరూ కొట్లు వదిలి మసీదు ముందున్న ఖాళీ జాగాకు నాలుగు నిమిషాల్లో రావాలి. వార్డెన్లు తీసుకురావాలి. రద్దీ ఉండదని ఉదయం పది గంటలు ఖాయం చేశాను. స్టాప్‌వాచీ పట్టుకుని నిలబడ్డాను. లీడింగ్ ఫైర్‌మన్ యాకయ్య సైరన్ తిప్పాడు.

ఎవరూ రాలేదు.

గల్లీలోకి వెళ్లి చూస్తే సేట్లంతా గద్దెల మీద కూర్చునే ఉన్నారు. ఒకాయన కూర్చున్నచోటినుంచే నమస్కారం పెట్టాడు. నా ఎనిమిది మంది వార్డెన్లు మెడలో కార్డులతో తండ్రుల పక్కన కూర్చుని నేల చూపులు చూస్తున్నారు. విశ్వనాథం సేటు చేతులు జోడించి, "సార్, తప్పు పట్టకుండ్రి. జర బోణీ కానియ్యిండ్రి" అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఇల్లు కాలుతుంటే బావి తవ్వే రకం మీరని నోరు జారాను కూడా. నాలుగు నిమిషాలు అయిపోయాయి. 'హాజరు: సున్నా. సహకారం లేదు' అని రిజిస్టర్‌లో రాసి జీపు వైపు నడుస్తుంటే మసీదు మెట్ల దగ్గరినుంచి ఒక గొంతు వినిపించింది.

"మేం బయటికొచ్చినం గద సారూ. మమ్ముల లెక్క వెట్టవా?"

యాభై దాటిన ఆడమనిషి. చేతిలో జానెడు సూది, ఒళ్లో సగం కుట్టిన బొంత. ఆమె వెనక దూది ఏకే ఆడవాళ్లు నలుగురు, నెత్తిన దూది పోగులతో. సైరన్ మోగిన వెంటనే పని ఆపి వచ్చి, నేను చెప్పిన చోటే నిలబడ్డారట. నేను వాళ్లను చూశాను. చూసి కూడా లెక్కపెట్టలేదు. నా జాబితాలో కొట్లే ఉన్నాయి, కొట్ల ముందు అరుగుల మీద పనిచేసేవాళ్లు లేరు.

ఆమె పేరు ఖాసింబీ. పరుపులు కుట్టడం పని. ఆ గల్లీలోనే పుట్టింది, కాపురం చేసిందీ ఆ గల్లీలోనే. మూడో తరగతితో బడి మానేసింది. నేను ఆగి, వీళ్లు ఎందుకు లేవలేదో అడిగాను. బోణీ కాకముందు సేటు గద్దె దిగడని, దిగితే ఆ రోజంతా లచ్చిమి మొహం చాటేస్తదని నమ్మకమని చెప్పింది. "నువ్వు లంక తగలవడ్డదని చెప్పినా దిగడు. పన్నెండింటికి పెట్టు, చూడు, ఉరికొస్తరు" అంది. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఏ మాన్యువల్‌లోనూ చదవని సంగతి అది. రెండు రోజుల తర్వాత పన్నెండింటికి మళ్లీ సైరన్ తిప్పించాను. మూడున్నర నిమిషాల్లో గల్లీ ఖాళీ అయింది. అందరికంటే ముందు వచ్చింది విశ్వనాథం సేటు.

ఆ రోజే నా పాత జాబితా పక్కన పెట్టాను. కుర్రవాళ్లను తీసేయలేదు, కొత్తవాళ్లను ఎంచే పని మాత్రం ఖాసింబీకి ఇచ్చాను. ఆమె ఎంచిన ఆరుగురిలో ఐదుగురు ఆడవాళ్లు. అందులో కిరాణా కొట్టు శారద ఒకతి. ఎందుకు వీళ్లే అంటే ఆమె చెప్పిన లెక్క ఇది: మగవాళ్లకు గిరాకీ మీద కన్నుంటది, వీళ్లకు గల్లీ మీద కన్నుంటది. ఎవరు ఎప్పుడు బయటికి పోతారు, ఎవరి ముసలమ్మకు చెవులు వినబడవు, ఎవరి తలుపుకు లోపల గడియ పడదు, అన్నీ వీళ్లకు నోటికి వచ్చు.

అసలు చిక్కు తాళాల దగ్గర వచ్చింది. బజార్లలో మేం ఎక్కువగా ఓడిపోయేది షట్టర్ ముందే. యజమాని ఉండడు, తాళం చెవి అతని దగ్గరే ఉంటుంది. షట్టర్ కోసేసరికి లోపల అంతా అయిపోతుంది. అందుకని ప్రతి కొట్టుకు రెండో తాళం చెవి ఇరుగుపొరుగు దగ్గర ఉంచాలని నియమం పెట్టాను. ఒక్కరూ ఒప్పుకోలేదు. సంఘం సమావేశంలో విశ్వనాథం సేటు లేచి, తాళం చెవి అంటే లక్ష్మి అని, లక్ష్మిని ఎవరైనా పరాయి చేతుల్లో పెడతారా అని మెత్తగానే అడిగాడు. ఒప్పందం మీద మొదటి సంతకం ఆయనదే. నేను నియమాలు చదివాను, అందరూ విన్నారు, టీ తాగి వెళ్లిపోయారు.

వారం తర్వాత ఖాసింబీ స్టేషన్‌కు వచ్చి నా బల్ల మీద అరచేతి పొడవున్న ఒక దళసరి గుడ్డ సంచి పెట్టింది. నాలుగు వైపులా పరుపు కుట్టు, ఎక్కడా మూతి లేదు. లోపల తాళం చెవి ఉంది, తాకితే తెలుస్తోంది. తీయాలంటే చింపాల్సిందే. చింపితే మళ్లీ అదే కుట్టు వేయడం ఆమెకు తప్ప ఇంకొకరికి రాదు. కానీ ఆమె మీద కూడా అనుమానం రాకూడదు కదా, దానికీ దారి ఆలోచించింది. కుట్టంతా తను కుట్టి చివరి ముడి మాత్రం కొట్టు యజమాని చేత వేయిస్తుంది. ఎవరి చేతి ముడి వారికి తెలుస్తుంది. "రోజొకసారి వచ్చి చూస్కో సేటూ. నీ ముడి నీకున్నదంటే నీ లచ్చిమి నీకున్నట్టె" అని చెప్పిందట విశ్వనాథం సేటుకు. ఆయన నవ్వి సూది అందుకున్నాడట. ఆయన వేశాక మిగతా ఇరవై ఐదుగురూ వేశారు.

ఆ సంచిలో ఇంకొకటి ఉంది. అంచు వెంట వేలికి తగిలే చిన్న చిన్న ముడులు. కుడి అంచున ఉంటే కుడి వరుస కొట్టు, ఎడమ అంచున ఉంటే ఎడమ వరుస. పెద్ద ముడి అయిదుకు లెక్క, చిన్న ముడి ఒకటికి. కుడి అంచున ఒక పెద్ద ముడి, రెండు చిన్న ముడులు ఉన్నాయంటే విశ్వనాథం సేటు కొట్టు. పొగలో కళ్లు కనిపించవు కదా, వేళ్లయితే పనిచేస్తాయి అంది. పొగలో కళ్లు పనిచేయవని ఆమెకు పాఠంలో చెప్పింది నేనే. చెప్పిన నేను మాత్రం నా రికార్డు గదిలో తాళాలకు తెల్ల కాగితం చీటీలు అంటించి పెట్టుకున్నాను. ఆమె వెళ్లాక ఆ సంచిని చాలాసేపు చేతిలో తిప్పుతూ కూర్చున్నాను. నాకు ఆ రోజు కలిగింది మెచ్చుకోలు కాదు. నాకంటే పెద్ద పనివాడి ఎదుట నిలబడ్డట్టనిపించింది.

నియమాలు కూడా ఆమే పెట్టింది. సంచి ఎదుటి వరుస కొట్టులో ఉండాలి. అదే వ్యాపారం చేసేవాడి దగ్గర ఉండకూడదు. ఆ ఎదుటి కొట్టు మూసి వెళ్తే, వెళ్లేవాడు తన దగ్గరున్న సంచులను తెరిచి ఉన్న పక్క కొట్టుకు అప్పగించి వెళ్లాలి. వాళ్లూ మూస్తే ఆ తర్వాతి కొట్టుకు. ఆడుతూ పాడుతూ చేసినట్టే ఉండేది, కానీ రెండు నెలల్లో ఒక్కరూ తప్పలేదు. నేను గల్లీకి వెళ్లడం తగ్గించాను. ఖాసింబీ శుక్రవారం నమాజు అయ్యాక మసీదు మెట్ల దగ్గర తనే పాఠం చెప్పేది. నా పాఠాన్ని తన మాటల్లోకి మార్చుకుంది. షట్టర్‌ను అరచేత్తో కాదు, చేతి వెనకవైపుతో తాకి చూడాలి అని నేను చెప్పింది, 'జొరమొచ్చిన పోరగాని నుదురు ముట్టినట్టు చెయ్యి ఎనకదిక్కు పెట్టాలె' అయింది.

కార్తీకం వచ్చింది. ఒక మధ్యాహ్నం హనుమకొండలో వర్తకుల ఇంట్లో పెళ్లి. గల్లీలో సగం కొట్లు మూశారు. విశ్వనాథం సేటు కూడా వెళ్లాడు. ఆయన కూతురు లావణ్య పురుటికి పుట్టింటికి వచ్చి ఉంది, బిడ్డ పుట్టి పదిహేను రోజులు. బాలింత కాబట్టి ఆమె, తోడుగా తల్లి పైనే ఉండిపోయారు. కింద కొట్టులోకి ఎవరైనా వస్తారేమో, ఆడవాళ్లు ఒంటరిగా ఉన్నారు అని సేటు షట్టర్ దించి బయటినుంచి తాళం వేసుకుని, చెవి బొడ్లో దోపుకుని వెళ్లాడు. ఆయన లెక్కలో అది కాపలా.

కింద కొట్టులో వెనకవైపు వైర్లు కాలి పక్కనున్న జంపఖానాల బేళ్లకు నిప్పు పట్టింది. దూదికీ నూలుకూ ఒక గుణం ఉంది, మంట లేవకుండా లోపల్లోపలే కుములుతుంది. పొగ మెట్ల మీదుగా పైకి వెళ్లింది. పైన ఆడవాళ్లకు వాసన తగిలింది. బాలింత గది కదా, కుంపట్లో సాంబ్రాణి ఇంకా ఆరలేదనుకున్నారు. కిటికీ కొంచెం తెరిచి మళ్లీ పడుకున్నారు.

ఆ కిటికీలోంచి వచ్చిన సన్నటి పొగను మసీదు మెట్ల మీద కూర్చున్న ఖాసింబీ చూసింది. తర్వాత విచారణలో ఆమె నాకు చెప్పిన మాట ఇది: "పిల్లకు నీళ్లు పోసేది పొద్దుగాల సారూ. సాంబ్రాణి అప్పుడే. రెండు గంటలకు సాంబ్రాణెందుకు ఏస్తరు?"

ఆ ఒక్క ప్రశ్నతో లేచింది. మసీదులో చెప్పి మైకులో పిలిపించింది. మా స్టేషన్‌కు ఫోన్ చేయించింది. సేటు కొట్టు సంచి ఎదుటి వరుసలో ఇత్తడి సామాన్ల రాజయ్య దగ్గర ఉండాలి, ఆయనా పెళ్లికి వెళ్లాడు. వెళ్తూ పక్క కొట్టుకు ఇచ్చాడు, ఆ పక్క కొట్టాయన మూసి వెళ్తూ కిరాణా శారదకు ఇచ్చాడు. శారద గల్లా పక్కన మేకుకు తొమ్మిది సంచులు వేలాడుతున్నాయి. శారద కళ్లతో చూడకుండా వేళ్లతో తడిమి కుడి అంచున ఒక పెద్ద ముడి, రెండు చిన్న ముడులున్నది తెంపుకుని పరుగెత్తింది. కళ్లతోనే చూడొచ్చు కదా అని తర్వాత అడిగాను. అలవాటు చేసింది వేళ్లకే కదా సార్ అంది.

కుములుతున్న కొట్టు షట్టర్ ఒక్కసారిగా ఎత్తితే లోపలికి గాలి దూసుకెళ్లి భగ్గుమంటుంది. తొందరలో ఆ పొరపాటు చేసిన పనివాళ్లను నేనే చూశాను. ఖాసింబీ సంచి చింపి తాళం తీసింది గానీ షట్టర్ వెంటనే ఎత్తలేదు. చేతి వెనకవైపుతో తాకి చూసింది. ఎడమవైపు వేడి, కుడివైపు చల్లగా ఉంది. మెట్లు కుడివైపు. మూరెడు మాత్రమే ఎత్తించింది. దూది ఏకే ఆడవాళ్లు అప్పటికే నాలుగు జంపఖానాలను నల్లా కింద తడిపి తెచ్చారు. రెండు కప్పుకుని ఆమె, శారద పాకుతూ మెట్ల వరకు వెళ్లారు. మిగతా రెండింటిని బేళ్లకూ మెట్లకూ మధ్య తెరల్లా పట్టుకుని ఇద్దరు నిలబడ్డారు. పైనుంచి తల్లినీ కూతురినీ కిందికి దించారు. పసిగుడ్డు ఖాసింబీ చంకలో ఉంది, తడిగుడ్డ మొహం మీద కాకుండా మొహం చుట్టూ కట్టి. బయటికి రాగానే షట్టర్ మళ్లీ దించేశారు.

మా బండి గల్లీ మొదట్లో ఆగేసరికి బైకులన్నీ ఒక పక్కకు తోసి ఉన్నాయి. ఖాసింబీ ఎదురొచ్చింది. ఆయాసపడుతోంది, కొంగు తడిసి ముద్దయింది. నేను నేర్పిన వరుసలోనే మూడు మాటలు చెప్పింది. "లోపట ఎవ్వల్లేరు సారూ. కరెంటు మెయిన్ బందువెట్టినం. మంట ఎడమ దిక్కు మూలకు, కింది బేళ్లల్ల ఉన్నది."

ఏ అధికారికైనా ప్రమాద స్థలంలో మొదట కావలసినవి ఆ మూడే. నా సర్వీసులో వాటిని అంత వరుసగా, అంత ప్రశాంతంగా నాకు చెప్పిన మనిషి ఇంకొకరు లేరు, మా శాఖలో కూడా. యాకయ్య బ్రాంచి, అంటే గొట్టం చివరి ఇత్తడి ముక్కు, పట్టుకుని నా వంక చూశాడు. ఆ తర్వాత మాకు మిగిలింది బేళ్లు చీల్చి తడపడమే.

అరగంటకు విశ్వనాథం సేటు వచ్చాడు. పట్టుపంచె, నుదుట పెళ్లి కుంకుమ. ఎవరో ఫోన్లో కొట్టు అంటుకుందని మాత్రమే చెప్పారట. జనాన్ని తోసుకుంటూ వచ్చి, బొడ్లోంచి తాళం చెవి తీశాడు. షట్టర్ అప్పటికే తెరిచి ఉంది. ఆ చెవి పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. మసీదు మెట్ల మీద భార్య, కూతురు, బిడ్డ కనిపించాక కూడా గుప్పిట విప్పలేదు. ఖాసింబీ వెళ్లి, "ఫికర్ లేదు సేటూ, అందరు మంచిగున్నరు" అని ఆయన్ను మెట్ల మీద కూర్చోబెట్టింది. ఆయన ఏడ్చాడు. నేను మొహం తిప్పుకున్నాను.

పదిరోజుల తర్వాత ఆయన కొత్త తాళం, కొత్త చెవి తీసుకుని ఆమె అరుగు దగ్గరికి వచ్చాడు. అప్పుడు నేనక్కడే ఉన్నాను. ఈసారి ముడి కూడా నువ్వే వెయ్యి చెల్లే, నాకేమీ పట్టింపు లేదన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. కుట్టంతా కుట్టి, సూది ఆయన చేతికిచ్చింది. "చివరి ముడి నువ్వే ఎయ్యాలె అన్నా. రేపు నేను లేకున్నా ఇది నడవాలె" అంది. ఆయన బోణీ కాకముందే గద్దె దిగి వచ్చాడని గల్లీ అంతా చెప్పుకున్నారు.

కార్యక్రమం మీద నివేదిక పంపాల్సి వచ్చింది. ఉత్తమ వార్డెన్‌గా ఖాసింబీ పేరు రాశాను. నెలకు కాగితం తిరిగొచ్చింది, విద్యార్హత గడి ఖాళీగా ఉంది, పూరించి పంపమని. మూడో తరగతి అని రాస్తే పేరు కొట్టేస్తారని తెలుసు. నేను నేర్చుకున్నదాన్ని ఒక వాక్యంలో పెట్టాల్సిన అవసరం నాకు అప్పుడొచ్చింది. ఒక గల్లీకి నాయకుడిని మనం తయారు చేయలేం. అక్కడ ఉన్నవాడిని గుర్తించి, మనకు తెలిసింది అతని చేతిలో పెట్టి, పక్కకు తప్పుకోగలం. గుర్తించాలంటే ముందు లెక్కపెట్టాలి. నేను మొదటి రోజు లెక్కపెట్టలేదు.

ఆ గడిలో ఇలా రాసి పంపాను: 'ఏ వేళకు ఏ తలుపు వెనక ఎవరున్నారో తెలుసు.'

మళ్లీ ప్రశ్న రాలేదు.